వర్కల వెళ్తున్నారా? క్లిఫ్ పైన, సముద్రం అంచున, చుట్టుపక్కల ఊళ్లలో ఏది ఎలా చేయాలి

కేరళలో తిరువనంతపురానికీ కొల్లానికీ నడుమ ఉన్న చిన్న ఊరు వర్కల. కేరళ తీరం చాలా దూరం చదునుగానే ఉంటుంది. ఇక్కడికి వచ్చేసరికి ఎర్రటి కొండ గోడ కట్టినట్టు నిలబడి ఉంటుంది, దీన్నే క్లిఫ్ అంటారు. దాని పాదాన ఇసుక, ఆ వెంటనే అరేబియా సముద్రం. రూములు, హోటళ్లు పైన, స్నానం, ఈత కింద, మధ్యలో మెట్లు. ఊరికి వచ్చి ఉసూరుమని వెళ్లేవాళ్లను గమనిస్తే కారణాలు రెండే కనిపిస్తాయి: రాకూడని నెలలో వచ్చి ఉంటారు, లేదా తమకు పడని వైపు రూము తీసుకుని ఉంటారు. ఈ రెండూ టికెట్ కొనకముందే తేల్చుకోవాల్సినవి.

ముందు నెల తేల్చుకోండి

నవంబర్ మూడో వారం నుంచి మార్చి మధ్య దాకా మంచి కాలం. ఇసుక వెడల్పుగా ఉంటుంది, అలలు మిగతా ఏడాదితో పోలిస్తే నెమ్మది, సాయంత్రాలు హాయిగా ఉంటాయి. ఇందులోనూ ఎంచుకోమంటే ఫిబ్రవరికే మా ఓటు. క్రిస్మస్, కొత్త సంవత్సరం రద్దీ తగ్గి ధరలు దిగుతాయి, ఎండలు ఇంకా ముదరవు.

జూన్ నుంచి సెప్టెంబర్ వరకు నైరుతి రుతుపవనాలు. ఈ నెలల్లో పెద్ద అలలు ఇసుకను లోపలికి లాగేస్తాయి. ఫొటోల్లో చూసి వచ్చిన బీచ్ చాలాచోట్ల సన్నటి పట్టీగా మిగులుతుంది, కొన్నిచోట్ల నీళ్లు నేరుగా క్లిఫ్ పాదానికి కొడతాయి. వానలు వెనక్కి తగ్గాక అదే ఇసుకను అలలు మెల్లగా తిరిగి తెచ్చి పోస్తాయి. క్లిఫ్ మీది హోటళ్లు చాలావరకు ఈ కాలంలో మూసి ఉంటాయి, లేదా అంచున టార్పాలిన్లు కట్టుకుని నడుస్తాయి. వాన, పచ్చదనం, ఆయుర్వేద చికిత్స కోసం వచ్చేవాళ్లకు ఇది మంచి కాలమే. ఈత కోసం వచ్చేవాళ్లకు కాదు. అక్టోబర్, నవంబర్ మొదట్లో పొద్దున ఎండగా ఉండి, మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన పడటం మామూలు. ఆ రోజుల్లో బయటి పనులన్నీ పొద్దున్నే ముగించండి. ఉరుము వినబడితే క్లిఫ్ అంచు వదిలి పక్కా కట్టడంలోకి వెళ్లండి.

ఏప్రిల్, మే నెలల్లో ఉక్కతోపాటు ఇంకో విషయం ఉంది. దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో దూరాన తుపాను గాలులు లేపిన అలల ఉబ్బు కొన్ని రోజులకు కేరళ తీరం చేరుతుంది. ఇక్కడ గాలీ ఉండదు, వానా ఉండదు, ఆకాశం నిర్మలంగా ఉంటుంది. అయినా నీరు ఉన్నట్టుండి ఒడ్డు దాటి వస్తుంది. దీన్ని ఇక్కడివాళ్లు కల్లక్కడల్ అంటారు. దీని మీద హెచ్చరికలు ఇచ్చేది మన హైదరాబాద్‌లో ఉన్న సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిసే. ఈ నెలల్లో వెళ్తే రోజూ పొద్దున ఇన్‌కాయిస్ హెచ్చరిక చూసి, అది ఉన్న రోజున బీచ్ మీద బట్టలు, సంచులు పెట్టి తిరగడం కూడా మానుకోండి.

తేదీల సంగతి కూడా చూసుకోవాలి. డిసెంబర్ 30 నుంచి జనవరి 1 దాకా, శ్రీ నారాయణ గురు సమాధి ఉన్న శివగిరి కొండకు తీర్థయాత్ర. పసుపు బట్టలు కట్టుకున్న భక్తులతో ఊరు నిండిపోతుంది, అదే సమయానికి కొత్త సంవత్సరం జనమూ కలుస్తారు. ఆ మూడు రోజులు యాత్ర కోసమే అయితే రండి, ప్రశాంతత కోసం రాకండి. కర్కాటక మాసపు అమావాస్య, అంటే మన ఆషాఢ అమావాస్య నాడు, పితృ తర్పణాలకు వేలమంది వర్కలలోని పాపనాశం తీరానికి వస్తారు. తెల్లవారకముందే రోడ్లు మూస్తారు. మీన మాసంలో, మార్చి ఏప్రిల్ ప్రాంతంలో, జనార్దన స్వామి ఆలయంలో పది రోజుల ఆరాట్టు ఉత్సవం. ఇది మాత్రం చూడదగ్గది. రూము ముందే పట్టుకోండి.

చేరుకోవడం

రైల్వే స్టేషన్ పేరు వర్కల శివగిరి. టికెట్ వెతికేటప్పుడు ఇదే పేరు కొట్టండి. తెలుగు రాష్ట్రాల నుంచి నేరుగా వచ్చే రైళ్లలో అందరికీ తెలిసింది సికింద్రాబాద్ నుంచి గుంటూరు, తిరుపతి మీదుగా తిరువనంతపురం వెళ్లే శబరి ఎక్స్‌ప్రెస్. చిక్కు ఎక్కడ వస్తుందంటే, వర్కలకు మంచి కాలమూ అయ్యప్ప దీక్షల కాలమూ ఒకటే. నవంబర్ మధ్య నుంచి జనవరి మధ్య వరకు ఆ రైలు స్వాములతో నిండి ఉంటుంది. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు మాత్రమే తెరుచుకుంటుంది కాబట్టి ఆ రోజు పొద్దున్నే కూర్చుని తీయాలి. దొరక్కపోతే దీక్షల కాలంలో మన వైపు నుంచి కొల్లానికి వేసే ప్రత్యేక రైళ్లు చూడండి. చాలామంది స్వాములు చెంగన్నూరు, కొట్టాయంలలోనే దిగిపోతారు కాబట్టి ఆ తర్వాత బోగీ ఖాళీగా ఉంటుంది. కొల్లం నుంచి వర్కల 25 కిలోమీటర్ల లోపే. పగలంతా లోకల్ రైళ్లు తిరుగుతాయి, అరగంట ప్రయాణం. మీరు తీసే రైలు వర్కలలో ఆగుతుందో లేదో తప్పకుండా చూసుకోండి. ఆగకపోతే కొల్లంలో దిగడమే తేలిక. తిరువనంతపురం దాకా వెళ్లి వెనక్కి రావడం వల్ల గంటన్నర పోతుంది.

విమానంలో వస్తే తిరువనంతపురంలో దిగాలి. అక్కడి నుంచి వర్కల 40 కిలోమీటర్ల పైచిలుకు. నేరుగా ట్యాక్సీ తీసుకోవచ్చు. సామాను తక్కువైతే ఆటోలో సెంట్రల్ స్టేషన్‌కు వెళ్లి, అక్కడ కొల్లం వైపు వెళ్లే ఏదో ఒక రైలు ఎక్కడం చవక. చాలాసార్లు అంతే వేగం కూడా, ఎందుకంటే హైవే విస్తరణ పనులు, సిగ్నళ్లు కారు ప్రయాణాన్ని సాగదీస్తాయి.

స్టేషన్ నుంచి క్లిఫ్ దాదాపు మూడు కిలోమీటర్లు. కేరళ ప్రభుత్వం 2022లో పెట్టిన ఆటో ఛార్జీ 1.5 కిలోమీటర్లకు 30 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 15. సీజన్‌లో మీటరు వేసేవాళ్లు తక్కువ. ఈ లెక్క మనసులో పెట్టుకుని ఎక్కకముందే మాట్లాడుకోండి. ఎక్కడ దింపాలో స్పష్టంగా చెప్పడం ఇంకా ముఖ్యం. క్లిఫ్ అని మాత్రమే అంటే నార్త్ క్లిఫ్‌లో హెలిపాడ్ మైదానం దగ్గర దింపేసి వెళ్తారు. మీ రూము సౌత్ క్లిఫ్‌లోనో, ఇంకా ఉత్తరాన ఒడయంలోనో ఉంటే అక్కడి నుంచి పెట్టె ఈడ్చుకుంటూ నడవాలి.

రూము: ఏ వైపు, అంచుకు ఎంత దూరం

నార్త్ క్లిఫ్ అంటే హోటళ్లు, దుకాణాలు, పాటలు, రాత్రి పదకొండు దాకా సందడి. అంచు వెంట ఉన్న బాట నడిచేవాళ్లకే, వాహనం రాదు. నార్త్ క్లిఫ్ దాటి ఉత్తరానికి వెళ్తే బ్లాక్ బీచ్, ఆ పైన ఒడయం, ఎడవ. ఉత్తరానికి పోయేకొద్దీ క్లిఫ్ ఎత్తు తగ్గుతుంది, సద్దు తగ్గుతుంది, మెట్లు కూడా తగ్గుతాయి. సౌత్ క్లిఫ్ నిశ్శబ్దంగా ఉంటుంది, కానీ రాత్రి భోజనానికి నార్త్ క్లిఫ్ దాకా రావాలంటే పాపనాశం రోడ్డు మీదుగా దిగి ఎక్కాలి. పాపనాశం దగ్గర, గుడి రోడ్డులో ఉన్న లాడ్జీలు యాత్రికులకు బాగుంటాయి: మెట్లు లేకుండానే బీచ్‌కు వెళ్లవచ్చు, గుడి దగ్గర, శాకాహార హోటళ్లు దగ్గర.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే పాపనాశం గానీ ఒడయం గానీ తీసుకోండి. సముద్రం కనిపించే రూము అనే ఆశతో నార్త్ క్లిఫ్ మీద పెట్టి, పెద్దవాళ్లను మూడు రోజులూ పైనే కూర్చోబెట్టడం అన్యాయం. వయసులో ఉన్నవాళ్లకు, స్నేహితుల గుంపుకు నార్త్ క్లిఫ్ సరే.

బుక్ చేసే ముందు ఫోన్ చేసి ఇవి అడగండి. కారు గానీ ఆటో గానీ గుమ్మం దాకా వస్తుందా, లేక సందులో ఎన్ని నిమిషాలు నడవాలి? బీచ్‌కు దిగే మెట్లు ఎంత దూరం? కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఫ్యాన్ మాత్రమే నడుస్తుందా, ఏసీ కూడా నడుస్తుందా? అంచు నుంచి గది ఎన్ని అడుగులు వెనక్కి ఉంది? ఈ ఆఖరి ప్రశ్నకు తడబడే చోట తీసుకోవద్దు, ముఖ్యంగా వానాకాలంలో. ఆ కారణం కింద ఉంది.

క్లిఫ్ ఎందుకు విరిగిపడుతుంది, ఎలా నడవాలి

వర్కల క్లిఫ్‌ను భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. ఈ పొరల వరుసకే వర్కల్లి అని పేరు పెట్టారు. దూరం నుంచి చూస్తే ఒకే ఎర్ర గోడ. దగ్గరికి వెళ్తే పొరలు తెలుస్తాయి: పైన లాటరైట్ అనే గట్టి ఎర్రరాయి, దాని కింద రంగురంగుల ఇసుకరాయి, బంకమట్టి, ఇంకా కింద కుళ్లిన చెట్ల నలుపు కలిసిన మట్టి పొరలు. వాన నీరు పైనున్న లాటరైట్‌లోంచి సులువుగా ఇంకిపోతుంది. కింద బంకమట్టి దాన్ని ఆపేస్తుంది. ఆగిన నీరు పక్కకు నడిచి గోడలోంచి ఊటగా బయటికి వస్తుంది. పాపనాశం దగ్గర జనం స్నానం చేసే ఊటలు ఇవే. ఉప్పునీటి స్నానం అయ్యాక అక్కడ ఒళ్లు కడుక్కోవచ్చు, నీరు చల్లగా ఉంటుంది. తాగడానికి మాత్రం కాచిన నీరే వాడండి.

అదే ఊట క్లిఫ్‌ను బలహీనపరుస్తుంది కూడా. నీరు నానిన మెత్తటి పొర జారిపోతుంది, పాదాన్ని అలలు తొలుస్తాయి, ఆసరా పోయిన పైరాయి పెళ్లలుగా ఊడిపడుతుంది. ఇది ముందు చెప్పి జరగదు. కాబట్టి:

క్లిఫ్ పాదాన నీడ ఉందని దుప్పటి పరుచుకుని కూర్చోకండి. గోడకు వీలైనంత దూరంగా, నీటి వైపు జరిగి కూర్చోండి. ఎండ భరించలేకపోతే గొడుగు అద్దెకు తీసుకోండి. కొత్తగా పడిన ఎర్రమట్టి కుప్ప, వేళ్లు బయటపడి వేలాడుతున్న చెట్టు, గోడ మీద తడి చార కనిపించిన చోట ఆగకండి. పెద్ద వాన పడిన రోజూ మర్నాడూ కింది నుంచి నడవడం మానేయండి.

పైన బాట మీద రెయిలింగ్ కొన్నిచోట్ల ఉంటుంది, కొన్నిచోట్ల ఉండదు. ఉన్నచోట కూడా ఒళ్లంతా వాల్చకండి. సెల్ఫీ కోసం వెనక్కి అడుగు వేయడం ఇక్కడ అసలు చేయకూడని పని. రాత్రి హోటళ్ల వెలుగు అయిపోయిన చోట ఒక్కసారిగా చీకటి పడుతుంది, జేబులో చిన్న టార్చి ఉంచుకోండి. పిల్లల చెయ్యి లోపలి వైపు పట్టుకుని, అంచు వైపు పెద్దవాళ్లు నడవండి. మెట్ల మీద ఇసుక, తడి కలిసి జారుతుంది. హవాయి చెప్పుల కన్నా వెనక పట్టీ ఉన్న చెప్పులు మేలు.

సముద్రంలోకి దిగడం

ఇక్కడ తొందర వద్దు. వర్కలలో చాలా బీచ్‌లకు లేని ఒక సౌకర్యం ఉంది: దిగబోయే నీటిని పై నుంచి చూడవచ్చు. మెట్లు దిగే ముందు క్లిఫ్ మీద నిలబడి ఐదు నిమిషాలు నీటిని గమనించండి.

అలలు విరిగే చోట తెల్లటి నురుగు వరుస కనిపిస్తుంది. ఆ వరుసలో ఒకచోట ఖాళీ ఉండి, అక్కడ నీరు ముదురు రంగులో ప్రశాంతంగా ఉంటే, లేదా ఇసుక కలిసిన బురద నీరు ఆ సందులోంచి లోపలికి పోతూ కనిపిస్తే, అదే రిప్ కరెంట్. అలలు ఒడ్డుకు తోసిన నీరంతా వెనక్కి వెళ్లాలి కదా, ఇసుక దిబ్బల మధ్య లోతైన సందు దొరికితే అందులోంచి కాలువలా పరుగెత్తుతుంది. ఈత రానివాళ్లు అలలు లేని చోటు కదా అని సరిగ్గా అక్కడే దిగుతారు. తీరంలో మనుషులు కొట్టుకుపోవడానికి పెద్ద కారణం ఈ పొరపాటే. సందు ఎక్కడుందో పై నుంచి గుర్తుపెట్టుకోండి, ఒక చెట్టో హోటల్ బోర్డో ఆనవాలు పెట్టుకుని కిందికి దిగండి. ఇసుక కదిలేకొద్దీ సందు కూడా జరుగుతుంది కాబట్టి నిన్న చూసింది ఇవాళ పనికిరాదు.

కిందికి వచ్చాక లైఫ్‌గార్డు ఎక్కడున్నాడో చూసి, ఆయన ఎదురుగానే దిగండి. ఇవాళ ఎక్కడ బాగుందని అడగండి. ఎర్ర జెండా ఉంటే కాళ్లు తడుపుకోవడంతో సరిపెట్టుకోండి. ఈల వేస్తే వెంటనే వెనక్కి రండి, ఎందుకని అడగడం ఒడ్డుకు వచ్చాక. లైఫ్‌గార్డులు పగటి వేళల్లోనే ఉంటారు. సూర్యాస్తమయం అయ్యాక నీళ్లలోకి వెళ్లకండి, మద్యం తాగి అసలు వెళ్లకండి. పాపనాశం మీద లైఫ్‌గార్డులు ఉన్నట్టు ఉత్తరాన ఉన్న చిన్న బీచ్‌లన్నిటి మీదా ఉండరు.

ఈత రానివాళ్లు మోకాలి లోతు దాటవద్దు. నడుము లోతులో నిలబడితే వెనక్కిపోయే అల కాళ్ల కింద ఇసుకను తోడేస్తుంది, పడిపోయాక లేవడానికి పట్టు దొరకదు. అలకు వీపు పెట్టకండి. పిల్లల్ని చేయి అందేంత దూరంలో ఉంచండి. గాలి బొమ్మలు, ట్యూబులు ఇచ్చి ధైర్యంగా ఉండకండి, ఒడ్డు నుంచి గాలి వీస్తే అవి చూస్తుండగానే లోపలికి పోతాయి.

రిప్ కరెంట్‌లో చిక్కుకున్నారని తెలిస్తే ఒడ్డు వైపు ఎదురీదకండి. ఎంత బలమైన ఈతగాడైనా అలసిపోయేది అక్కడే. వెల్లకిలా తేలి ఊపిరి కుదుర్చుకోండి, ఒక చెయ్యి పైకెత్తి ఊపండి. అది మిమ్మల్ని కిందికి లాగదు, లోపలికి మాత్రమే తీసుకెళ్తుంది, కొంత దూరం పోయాక దానంతట అదే బలహీనపడుతుంది. శక్తి ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, నురుగు అలలు కనిపించే చోటికి చేరితే ఆ అలలే ఒడ్డుకు తోస్తాయి. ఒడ్డున ఉన్నవాళ్లు కాపాడదామని వెంటనే దూకేయకండి. లైఫ్‌గార్డును పిలవండి, ఖాళీ డబ్బా, ట్యూబు, బంతి, తేలేది ఏదైనా విసరండి, 112కు ఫోన్ చేయించండి.

ఈతకు పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా మంచి వేళ. ఆ తర్వాత ఎండ, బ్లాక్ బీచ్ దగ్గర నల్ల ఇసుక అరికాళ్లు కాల్చేస్తుంది. ఆ నలుపు ఇల్మనైట్ లాంటి బరువైన ఖనిజాల వల్ల వచ్చింది, మురికి కాదు. పాపనాశం నుంచి బ్లాక్ బీచ్‌కు కింది నుంచి నడవాలంటే ఆటు సమయంలో వెళ్లండి. ఈ తీరంలో ఆటుపోట్ల తేడా ఒక మీటరు లోపే, అయినా ఇసుక సన్నబడిన నెలల్లో పోటు వచ్చిందంటే అలలు గోడకు తగిలి తిరుగు దారి మూసేస్తాయి. అప్పుడు రాళ్లు ఎక్కే ప్రయత్నం చేయకుండా, దగ్గరలో ఉన్న మెట్లు ఎక్కి పై బాటన రండి.

విశాఖ, కాకినాడ తీరాల్లో పెరిగినవాళ్లకు సముద్రంలోంచి సూర్యుడు లేవడం అలవాటు. ఇక్కడ సముద్రంలోకి దిగుతాడు. డిసెంబర్‌లో ఆరు దాటిన పావుగంటలో, ఫిబ్రవరిలో ఆరున్నర ప్రాంతంలో. క్లిఫ్ మీద హోటల్‌లో అంచు బల్ల కావాలంటే గంట ముందు వెళ్లి కూర్చోవాలి. సౌత్ క్లిఫ్ మీద ఆ అవసరం లేదు.

సర్ఫింగ్ నేర్చుకోవాలనుకుంటే ఎడవ, వర్కల మధ్య బడులున్నాయి. డబ్బు కట్టే ముందు బోధకుడి దగ్గర ప్రాణరక్షణ శిక్షణ సర్టిఫికెట్ ఉందా, ఒక్కొక్కరికి ఎంతమంది విద్యార్థులు, కొత్తవాళ్లకు మెత్తటి బోర్డు ఇస్తారా అని అడగండి. మూడింటిలో ఒక్కదానికి సరైన జవాబు రాకపోయినా ఇంకో చోటు చూసుకోండి.

గుడి, శివగిరి

జనార్దన స్వామి ఆలయం పాపనాశానికి నడక దూరంలో, ఎత్తైన మెట్ల పైన ఉంది. మగవాళ్లు చొక్కా, బనియను తీసి పంచె కట్టుకోవాలి. ఒక పంచె సంచిలో పెట్టుకుపోతే కొనే పని ఉండదు. ఆడవాళ్లకు చీర అయితే ఏ పేచీ ఉండదు. కేరళ గుళ్ల పద్ధతి ప్రకారం మధ్యాహ్నానికి మూసి సాయంత్రం ఐదు ప్రాంతంలో తెరుస్తారు కాబట్టి పదింటి లోపు వెళ్లండి. ఆలయంలో డచ్చి ఓడ నుంచి వచ్చిందని చెప్పే పాత గంట ఉంది, వెళ్లినప్పుడు చూడండి.

పాపనాశం బీచ్‌లో పొద్దున పూట తర్పణాలు జరుగుతాయి. అక్కడ కూర్చున్నవాళ్లు తల్లినో తండ్రినో తలచుకుంటూ ఉంటారు. వాళ్ల వైపు కెమెరా తిప్పకండి, ఈత బట్టలతో ఆ మధ్యలోంచి నడవకండి. మీరే తర్పణం చేయించాలనుకుంటే తెల్లవారగానే వెళ్లి, దక్షిణ ఎంతో ముందే మాట్లాడుకోండి.

శివగిరి కొండ రైల్వే స్టేషన్‌కు దగ్గర. కులం పేరిట మనిషిని దూరం పెట్టే కాలంలో ఒకే జాతి, ఒకే మతం, ఒకే దైవం అని చెప్పిన శ్రీ నారాయణ గురు 1904లో మఠం నెలకొల్పిన కొండ ఇది. 1912లో ఆయన ప్రతిష్ఠించిన శారదా మఠం, 1928 సెప్టెంబర్ 20న ఆయన కన్నుమూశాక కట్టిన సమాధి మందిరం ఇక్కడే ఉన్నాయి. వర్కల అంటే బీచే అనుకుని చాలామంది దీన్ని వదిలేసి వెళ్తారు. వెళ్లే రోజు సామానుతో సహా అరగంట ముందు బయల్దేరితే దారిలోనే చూసుకోవచ్చు.

చుట్టుపక్కల

కాపిల్ ఒక్క సాయంత్రం చాలు, కానీ తప్పించుకోకండి. వర్కలకు ఉత్తరాన ఆరేడు కిలోమీటర్లు. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు కాయలు (తీరం వెంట ఉండే ఉప్పునీటి సరస్సును ఇక్కడ అలా అంటారు), నడుమ సన్నటి ఇసుక పట్టీ మీద రోడ్డు. నాలుగున్నరకు చేరి కాయలులో పడవ ఎక్కి, ఆరింటికి సముద్రం వైపు రండి. కాయలు సముద్రంలో కలిసే మొగ దగ్గర మాత్రం నీళ్లలో దిగకండి. వానలకు మొగ తెగినప్పుడు కాయలు నీరంతా అక్కడి నుంచే సముద్రంలోకి దూకుతుంది. ఒడయం, ఎడవ మీదుగా నడిచి వెళ్లడం కూడా బాగుంటుంది, పొద్దున ఆరుకు బయల్దేరితే ఎండ ముదరకముందే చేరతారు. దారిలో జాలరి పల్లెలు, మసీదులు వస్తాయి, మామూలు బట్టల్లో వెళ్లండి. మన దగ్గర అలివి వల లాగినట్టే ఇక్కడా ఒడ్డు నుంచి వల లాగుతారు. తాడు దాటవద్దు, పక్కకు తిరిగి వెళ్లండి. తిరుగు ప్రయాణానికి బస్సు ఉంటుంది. కాపిల్‌లో చిన్న స్టేషన్ కూడా ఉంది, ప్యాసింజర్లు మాత్రమే ఆగుతాయి.

దక్షిణాన దాదాపు 12 కిలోమీటర్లలో అంచుతెంగు. ఆట్టింగల్ రాణి అనుమతితో ఈస్టిండియా కంపెనీ పదిహేడో శతాబ్దం చివర ఇక్కడ స్థావరం, కోట కట్టింది. 1721లో కోట నుంచి రాణికి కానుకలు తీసుకెళ్లిన ఆంగ్లేయుల బృందాన్ని స్థానికులు తిరగబడి చంపేశారు. ఇప్పుడు మిగిలింది చిన్న కోట గోడలు, లోపల గడ్డి. అరగంటలో అయిపోతుంది. పక్కనే దీపస్తంభం, పైకి రెండు వందల దాకా మెట్లు. మధ్యాహ్నం తర్వాత కొన్ని గంటలే ఎక్కనిస్తారు కాబట్టి మూడింటికి చేరేలా వెళ్లండి. ఆ దారిలోనే నెడుంగండ దగ్గర పడవ ఎక్కితే పొన్నుంతురుత్తు దీవి, కొబ్బరి తోటల మధ్య శివపార్వతుల గుడి. పడవ ధర మనిషికా పడవకా, దీవిలో ఎంతసేపు ఆపుతారు అన్నది ఎక్కకముందే తేల్చుకోండి. గొడవలన్నీ ఈ రెండింటి దగ్గరే వస్తాయి.

ఒక పూర్తి రోజు మిగిలితే మన్రో తురుత్తుకు వెళ్లండి, వేరే ఏదీ దీనికి సాటిరాదు. కల్లడ నది అష్టముడి కాయలులో కలిసే చోట ఏర్పడిన లంకలు ఇవి. పేరు తిరువాంకూరు సంస్థానంలో రెసిడెంటుగా, అంటే బ్రిటిష్ ప్రతినిధిగా, ఉన్న కల్నల్ మన్రోది. ఇళ్ల మధ్య సన్నటి కాలువల్లో గడకర్రతో నడిపే చిన్న పడవలో రెండు మూడు గంటలు తిప్పుతారు. ఆరింటికి మొదలైతే మంచు, పిట్టలు, చల్లదనం. తొమ్మిదయ్యాక పడవలో నీడ ఉండదు. అందుకే వర్కల నుంచి నాలుగున్నర ప్రాంతంలో ట్యాక్సీలో బయల్దేరాలి, లేదా ముందు రాత్రి అక్కడే ఇంటి వసతిలో పడుకోవాలి. లేకపోతే మధ్యాహ్నం మూడున్నర విడత పట్టుకోండి. మన్రో తురుత్తు స్టేషన్‌లో ప్యాసింజర్, మెమూ రైళ్లే ఆగుతాయి, కొల్లంలో మారాలి. కాలువల మీది చిన్న వంతెనల కింద తల వంచమని పడవవాడు చెప్పినప్పుడు వెంటనే వంచండి. టోపీ, నీళ్లు, దోమల మందు మర్చిపోకండి. మోటారు పడవ ఇస్తామంటే వద్దనండి: అది సన్న కాలువల్లోకి పోలేదు, మీరు చూడాలని వచ్చింది అవే.

చడయమంగలంలో జటాయువు శిల్పం 200 అడుగుల పొడవు, 70 అడుగుల ఎత్తు, రాజీవ్ అంచల్ రూపకల్పన. లేపాక్షి చూసినవాళ్లకు ఆసక్తిగా ఉంటుంది. ముప్పై కిలోమీటర్ల పైన, గంట దాటిన ప్రయాణం. రోప్‌వే టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసి పొద్దున మొదటి విడతకు వెళ్లండి, పదకొండయ్యాక బండ మీద నిలబడలేరు.

స్కూటర్ అద్దెకు తీసుకునేటప్పుడు నంబర్ ప్లేట్ చూడండి. నల్ల ప్లేటు మీద పసుపు అంకెలుంటే అద్దెకు అనుమతి ఉన్న బండి. తెల్ల ప్లేటు బండి తీసుకుని ప్రమాదం జరిగితే బీమా దగ్గర ఇరుక్కుంటారు. రెండో హెల్మెట్ కూడా అడిగి తీసుకోండి. కేరళలో 2023 జూన్ నుంచి రోడ్ల మీద ఏఐ కెమెరాలు జరిమానాలు వేస్తున్నాయి, వెనక కూర్చున్నవాళ్లకు కూడా. బండి తీసుకునే ముందు గీతలన్నీ యజమాని ఎదురుగా వీడియో తీయండి, ఒరిజినల్ లైసెన్సు తాకట్టు పెట్టకండి.

తిండి, ఆయుర్వేదం

సాయంత్రం క్లిఫ్ మీది హోటళ్లు ఐస్ మీద చేపలు పరిచి పిలుస్తాయి. చేప కళ్లు తేటగా ఉండాలి, మొప్పలు ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే కండ తిరిగి లేవాలి. ధర కిలోకా, చేపకా? తూకం శుభ్రం చేయకముందా, తర్వాతా? వండినందుకు విడిగా తీసుకుంటారా? ఇవి అడిగి, మీ ఎదురుగా తూచిన చేపే వండమనండి. జూన్ 9 అర్ధరాత్రి నుంచి జూలై 31 దాకా కేరళలో ట్రాలర్ల వేట నిషేధం, ఆ రోజుల్లో పెద్ద చేపలకు ఐసులో నిలవ ఉన్న సరుకే ఎక్కువ. చిన్న పడవలవాళ్లు తెచ్చే మత్తి (సార్డిన్), అయిల (మాకెరెల్) అడగండి.

మధ్యాహ్నం భోజనానికి క్లిఫ్ వదిలి పట్టణంలోకి వెళ్లండి, సగం ధరకు కడుపు నిండుతుంది. మామూలుగా పెట్టేది లావుపాటి ఎర్రని మట్ట అన్నం. పడకపోతే కూర్చోకముందే వైట్ రైస్ ఉందా అని అడగండి. వడ్డన ఆపడానికి మది అంటే చాలు. బల్ల మీద పెట్టే గులాబీ రంగు వేడినీళ్లు పతిముఖం చెక్క వేసి కాచినవి. నిక్షేపంగా తాగండి, సీసా నీళ్ల ఖర్చు తప్పుతుంది.

ఆయుర్వేదం బోర్డులు అడుగడుగునా ఉంటాయి. ఒళ్లు పట్టించుకోవడానికీ చికిత్సకూ తేడా ఉంది. చికిత్స అయితే ముందు వైద్యుడు కూర్చుని నాడి, అలవాట్లు, వాడుతున్న మందులు అడగాలి. అడగకుండా రేట్ల కార్డు చేతిలో పెట్టే చోట అభ్యంగనం వరకే చేయించుకోండి. మూడు రోజుల పంచకర్మ అని ఎవరు చెప్పినా నమ్మకండి, అది వారాల పని, పథ్యంతో కూడినది. కేరళ పర్యాటక శాఖ ఇచ్చే ఆయుర్ డైమండ్, ఆయుర్ గోల్డ్ గుర్తింపులు చూడండి. మగవాళ్లకు మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లు చేయడమే పద్ధతి. నూనె ఒంటితో వెంటనే ఎండలోకి, సముద్రంలోకి వెళ్లకండి.

బీచ్‌లో వీధి కుక్కలకు తినడానికి ఏమీ పెట్టకండి. కరిచినా గోరు గీరినా సబ్బు, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు పట్టణంలోని ప్రభుత్వ తాలూకా ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోండి. మిగతా డోసులు ఇంటికి వచ్చాక వేయించుకోవచ్చు, చీటీ దాచుకోండి.

తిరుగు రోజున రైలుకు గంట ముందే క్లిఫ్ దిగండి. సాయంత్రం నాలుగు నుంచి ఏడు మధ్య హెలిపాడ్ దగ్గర బండ్లు ఇరుక్కుంటాయి, ఆటో మూడు కిలోమీటర్లకు అరగంట తీసుకుంటుంది. వర్కలలో రైలు ఆగేది ఒకటి రెండు నిమిషాలే. మీ బోగీ ఎక్కడ ఆగుతుందో కనుక్కుని, సామానుతో అక్కడే నిలబడండి.